బ్రీదరుకు కట్టిన గుడ్డ

మస్తాన్ మేస్త్రికి ఒక అలవాటు ఉంది. ఏం అడిగినా నోటితో జవాబు చెప్పడు, చేతికి పానా ఇస్తాడు. దర్శి రోడ్డులో ఆయన షెడ్డుకు పాతకాలం ట్రాక్టర్లే వస్తాయి. ఆ ఇంజన్ల గురించి తెలిసినంత ఆయనకు తన మోకాలి నొప్పి గురించి కూడా తెలియదని ఊళ్లో ఎగతాళి చేస్తారు.

శిష్యుడు కోటిలింగం ఆ ఉదయం పని ముట్టుకోలేదు. కూతురు జ్వరంతో పోయి ఏడాది కావస్తోంది. అప్పుడే, ఇంట్లో ఆ పిల్ల పేరెత్తకూడదని భార్యకు కట్టడి చేశాడు. గౌన్లు మూటగట్టి అటకెక్కించాడు. ఆమె మంచికే అనుకున్నాడు, పిచ్చి తండ్రి.

"లాభం లేదు మేస్త్రీ. పాలు పొంగితే ఏడుస్తది, గిన్నె జారితే ఏడుస్తది. ఈ మధ్య అన్నం కూడా మానేసింది. చిక్కి సగమైంది. దాన్నీ పోగొట్టుకుంటానేమోనని భయమేస్తంది. ఆ ఏడుపు మాన్పేదెట్టా?"

మేస్త్రి, రిపేరుకొచ్చిన రైతు వీరాస్వామి గారి పాత ట్రాక్టరు వైపు చెయ్యి చూపించి, "ముందు దాని సంగతి చూడు" అన్నాడు. కోటిలింగానికి ఒళ్లు మండింది. ఇంజను వెనక నుంచి ఆయిలు కారుతోందని ఇదివరకే బండిని నడిమికి విడదీసి, ఫ్లైవీలు ఊడదీసి, ఆయిలు బయటికి రాకుండా క్రాంకు చుట్టూ ఉండే తాడు సీలు తనే మార్చాడు. మళ్లీ కారింది. మళ్లీ మార్చాడు. అయినా కారుతూనే ఉంది. విసురుగా పానా అందుకుని కిందికి దూరబోతుంటే మేస్త్రి భుజం పట్టుకున్నాడు.

"వెనక చూసింది చాలు. పైన చూడు."

ఇంజను లోపలి పొగ బయటికి పోయే బ్రీదరు గొట్టానికి ఎవరో గుడ్డ బిగించి కట్టారు. నూనె, దుమ్ము పట్టి అది గొట్టంలో కలిసిపోయింది. పక్కనే ఉన్న వీరాస్వామి నాలిక కరుచుకున్నాడు.

"కంది నూర్పిళ్లప్పుడు దుమ్ము లోపలికి పోతదేమోనని నేనే కట్టానయ్యా, ఇంజను మంచికేగా! తర్వాత మర్చేపోయా."

మేస్త్రి ముడి విప్పి ఇంజను స్టార్టు చేయించాడు. గొట్టంలోంచి పొగ బుస్సుమని వచ్చింది, కాసేపటికి నెమ్మదించింది. టీలు తాగొచ్చి చూస్తే కింద పరిచిన అట్ట మీద చుక్క లేదు.

"అయితే సీలు తప్పేం లేదా?" అన్నాడు కోటిలింగం.

"దాని తప్పేముందిరా, పాపం. ఉన్న దారి మూస్తే దొరికిన చోట కారద్ది."

కోటిలింగం ఆ గుడ్డను చేతిలోకి తీసుకుని తిప్పి తిప్పి చూశాడు. అతని కూతురికి పాత బేరింగులతో బొమ్మబండి చేసిచ్చిన మేస్త్రే, ఏమీ ఎరగనట్టు అడిగాడు.

"పిల్ల పేరేందిరా?"

కోటిలింగం ఏడాదిలో మొదటిసారి "మల్లీశ్వరి" అన్నాడు. అంతే, కట్ట తెగింది. పాడె మోసిన రోజు కూడా ఏడవని మనిషి, ట్రాక్టరు చక్రానికి తల ఆనించి వెక్కివెక్కి ఏడ్చాడు. వీరాస్వామి చూస్తున్నాడని సిగ్గుపడి చేతిలో గుడ్డతోనే మొహం తుడుచుకోబోయాడు. మేస్త్రి దాన్ని లాగేసుకున్నాడు.

"తుడుచుకోమాక. ఇట్టాగే ఇంటికి పో."