పసుపుదారం తగువు

ఒకానొక రాజ్యంలో, దాని పేరుతో మనకేం పని గానీ, ప్రచండవర్మ అనే రాజు ఉండేవాడు. మంచివాడే. కాకపోతే తనంతటి ధర్మజ్ఞుడు భూమ్మీద లేడని ఆయన గట్టి నమ్మకం. ఎదుటివాడు నోరు తెరిచేలోగా తీర్పు చెప్పేసి, మీసం మీద చెయ్యి వేసుకుని సభ వంక చూసేవాడు. సభ "ఆహా" అనాలి. అనకపోతే అదే తీర్పు మళ్లీ మొదటినుంచి చెప్పేవాడు.

ఆ "ఆహా"లు అనీ అనీ ఆస్థాన విదూషకుడు విస్సన్నకు దవడలు పడిపోయేవి. ఇంటికెళ్లి భార్య మీద విసుక్కుంటే ఆవిడ, "నా మీద ఎందుకండీ, ఆయన మీదే విసుక్కోండి" అనేది. ఆయన మీద ఎలా విసుక్కుంటాడు పాపం!

ఆ రాజ్యంలో బిడ్డ గల ఇంటికి ఇంటిపన్ను సగమే. పన్నుల వేళ పిల్లను తీసుకుని ఠాణాకు వెళితే, అధికారి ఆ పిల్ల మణికట్టుకు పసుపుదారం కట్టి పన్నులో సగం తగ్గించేవాడు. ఒక పిల్లకు ఒకటే దారం. ఈ చట్టం రాజుగారు స్వయంగా చేసిందే. అయితే బిడ్డ గల ఇల్లంటే కన్నవారి ఇల్లా, పెంచినవారి ఇల్లా అన్నది చెప్పలేదు. ఆయనకు తోచలేదు, "ఆహా" అన్నవాళ్లకూ తోచలేదు.

ఆ ఏడు అచ్చాలు అనే పిల్ల రెండు చేతులకూ రెండు దారాలతో సభకొచ్చింది.

కుడిచేతి దారం పెద్దమ్మ సుంకులమ్మ కట్టించింది. చెల్లెలు పురిట్లో పోతే ఆ బిడ్డను తెచ్చుకుని, గానుగ ఆడించుకుంటూ పెంచుతోంది. ఎడమచేతి దారం తండ్రి కొండలరాయుడిది. ఆయనకు పక్క ఊళ్లో తమలపాకు తోటలూ, మారు పెళ్లామూ ఉన్నారు. తిరునాళ్లకని పిల్లను తీసుకుపోయి, తన ఊరి ఠాణాలో ఎడమచెయ్యి మాత్రం చాపించి దారం కట్టించి, మిఠాయి పొట్లం చేతిలో పెట్టి మళ్లీ పెద్దమ్మ గుమ్మంలో దింపేశాడు.

"దొరా, నిండు పన్ను కట్టడం నావల్ల కాదు" అంది సుంకులమ్మ. "కట్టకపోతే గానుగెద్దును తోలుకుపోతామంటున్నారు. ఎద్దు పోయాక ఈ పిల్లకు ముద్ద ఎక్కణ్ణించి తెచ్చేది?"

"కన్నవాణ్ణి నేనుండగా మధ్యలో ఈవిడెవరు ప్రభూ?" అన్నాడు కొండలరాయుడు. "పిల్లది నా రక్తం, నా ఇంటిపేరు. ఆ ముక్కు చూడండి, అచ్చం నాదే!"

రాజుగారు ముక్కు చూశారు. ఇంకేమీ చూడలేదు.

"కన్నవాడిదే బిడ్డ!" అన్నారు. "ఎవరింట తింటేనేం, ఎవరింట పడుకుంటేనేం? రక్తం రక్తమే!"

సభ "ఆహా" అంది. అచ్చాలు పెద్దమ్మ కుచ్చిళ్ల వెనక దాక్కుంది.

విస్సన్నకు ఒళ్లు మండిపోయింది. ఏం మనిషండీ ఈయన! పిల్ల జడ ఎవరు వేశారని అడగడా? జ్వరమొస్తే ఎవరు కషాయం తాగించారని అడగడా? ముక్కు చూసి ఎద్దును తోలేయించడమా? పోనీ, ఈయన మాత్రం ఈ కోటలో పుట్టాడా?

ఆ మాట మనసులో మెదలగానే విస్సన్న గబుక్కున లేచాడు.

"ప్రభూ, అచ్చం ఇలాంటి దావాయే ఇంకొకటి ఉంది. రేపు ఆ మనిషిని కూడా పిలిపిస్తాను. రెండింటికీ కలిపి ఒకే తీర్పు రాయిస్తే తమ ధర్మం గురించి దేశమంతా చెప్పుకుంటారు."

దేశమంతా అనేసరికి రాజుగారు పొంగిపోయారు. సరేనన్నారు.

మర్నాడు సభలోకి ఓ ముసలాయన కర్ర పొడుచుకుంటూ వచ్చాడు. రాజుగారి ముఖం చూడాలి అప్పుడు! వచ్చింది మరెవరో కాదు, రాజుగారిని కన్నతండ్రి, జగ్గభూపతి. మారుమూల ఊళ్లో నాలుగు చెక్కల పొలం ఉన్న పెద్దమనిషి. పిల్లల్లేని పెద్దరాణి అడిగితే పాలబుగ్గల కొడుకును కోటకు దత్తతిచ్చాడు. అప్పటినుంచీ ఈ గడప తొక్కలేదు.

"ఏం లేదు నాయనా" అన్నాడు ముసలాయన. "కన్నవాడిదే బిడ్డ అని సెలవిచ్చారట. నిన్ను కన్నది నేను. ఆ చట్టం వచ్చినప్పటినుంచీ నాచేత నిండు పన్ను కట్టించుకున్నారు. అందులో సగం ఇప్పించు. ఇదుగో, దారం కట్టించుకుందువుగాని, చెయ్యి ఇలా ఇయ్యి."

సభకు "ఆహా" అనాలో వద్దో తెలియలేదు.

రాజుగారు సింహాసనం దిగిపోయారు. "ఏమిటీ అన్యాయం! నాకు అమ్మవారు పోసినప్పుడు వేపమండలు పట్టుకుని కూర్చున్నది ఎవరు? పెద్దరాణీగారు! గోరుముద్దలు పెట్టింది ఎవరు? ఆ మహాతల్లి! నేను ఆవిడ బిడ్డను, ఈ ఇంటి బిడ్డను! ఒక్కనాడు వచ్చి ఎలా ఉన్నావని అడగని వారికి నా మీద దావా ఏమిటి?"

"ఆహా!" అన్నాడు విస్సన్న. ఆ ఒక్కసారి మాత్రం మనస్ఫూర్తిగా అన్నాడు. "వింటున్నారా లేఖకులవారూ? రెండు దావాలకూ తీర్పు అదే, ప్రభువుల నోటిమాటగా రాసుకోండి."

రాజుగారు గిర్రున వెనక్కి తిరిగారు. సుంకులమ్మను చూశారు. ఈసారి పిల్ల నూనె రాసిన జడా, చెంపకు పెట్టిన దిష్టిచుక్కా కనిపించాయి. ముందుకెళ్లి ఎడమచేతి దారం తానే తెంపేశారు. కొండలరాయుడు బయటికి నడిచాడు.

అప్పుడు పట్టుకుంది రాజుగారికి నవ్వు. కిరీటం జారేలా నవ్వి, భుజాన ఉన్న జరీ శాలువా తీసి విస్సన్నకు కప్పారు. "చంపావయ్యా! ఇకనుంచి పన్నుల తగాదాలన్నీ నువ్వే తీర్చు."

"ఇది బహుమానమా ప్రభూ, శిక్షా?" అని తల పట్టుకున్నాడు విస్సన్న.

ముసలాయన ఇంకా అక్కడే ఉన్నాడు. "అంతా బాగానే ఉంది నాయనా. మరి నా పన్ను మాటేమిటి?"

రాజుగారి నవ్వు ఆగిపోయింది. దగ్గరికి వెళ్లి, వంగి ఆయన కాళ్లకు దణ్ణం పెట్టారు.

"గవ్వ కూడా తగ్గకుండా కట్టాల్సిందే, నాన్నగారూ."

"కడతాన్లే" అన్నాడు ముసలాయన, కండువాతో కళ్లొత్తుకుంటూ.