నాలుగో దెబ్బ

అనగనగా గోదారి ఒడ్డున ఒక ఊళ్ళో, తాటిచెట్ల కంటే ఎత్తుగా ఒక బురుజు ఉండేదమ్మా. ఎప్పుడో వరదొచ్చిన రోజున పోలయ్య అనే కావలివాడు నగారా కొట్టి కొట్టి ఊరినంతా మిట్ట మీదికి తోలాడు. తను మాత్రం మిగల్లేదు. ఆయన పేరు మీద ఊరివాళ్ళు కట్టుకున్న బురుజు అది.

ఏటా శ్రావణంలో ఆయన పోయిన రోజున, ఆ ఇంటి మనిషి ఒకరు నూరు మెట్లూ ఎక్కి, పైనున్న నగారా మీద మూడంటే మూడు దెబ్బలు కొట్టాలి. నాలుగోది పడిందంటే మళ్ళీ వరదొచ్చిందని ఊరికి గుర్తు.

ఆ ఏడు ఆ ఇంటి నాయనమ్మకి మోకాళ్ళు పట్టేశాయి. అమ్మ అచ్చియ్యమ్మ ఉందా, ఆవిడకి అటకెక్కినా కళ్ళు తిరుగుతాయి. ఇక మిగిలిందెవరు? నీ అంత పిల్ల, వీరవేణి.

"కిందికి చూడకు తల్లీ, పై మెట్టే చూడు," అని చెప్పి, అమ్మ గడ్డి కోసుకు రావడానికి పడవేసుకుని ఏటి మధ్యనున్న లంకకి పోయింది. మునసబుగారేమో, "లెక్క తప్పావో, ఊరంతా పరుగెత్తి ముసలాళ్ళు కాళ్ళు విరగ్గొట్టుకుంటారు. జాగ్రత్త!" అని కర్ర ఊపారు.

ముప్పయ్యో మెట్టు దగ్గర చీకటి. అరవయ్యో మెట్టు దగ్గర గబ్బిలాలు. తొంభయ్యో మెట్టు దగ్గర కూలబడింది. అమ్మ మాట గుర్తొచ్చి, పై మెట్టే చూస్తూ లేచింది.

పైకొచ్చి చూస్తే, అబ్బో! ఊరు, చేలు, గోదారి, అన్నీ కళ్ళ ముందే పరుచుకుని ఉన్నాయి. లంకలో ఒక ఎర్రచీర వంగి గడ్డి కోస్తోంది. అమ్మే!

మొదటి దెబ్బ కొట్టింది. అప్పుడు ఎగువన, ఏటికి అడ్డంగా ఒక మట్టిరంగు గీత కనిపించింది. మబ్బు నీడేమో అనుకుంది. తీరా చూస్తే ఆకాశంలో మబ్బే లేదు.

రెండో దెబ్బ కొట్టింది. గీత లావెక్కింది.

మూడో దెబ్బ కొట్టింది. కింద పానకం పంచడం మొదలెట్టారు. అప్పుడు చూస్తే, వేళ్ళతో సహా ఒక చెట్టు కొట్టుకొస్తోంది. ఎర్రచీర ఇంకా తల ఎత్తలేదు. కొడితే తప్పవుతుందేమో. కొట్టకపోతే అమ్మ!

కొట్టేసింది నాలుగోది.

"తప్పు కొట్టావే పిల్లా!" అని మునసబుగారు కేకేశారు. వీరవేణి ఏడుస్తూనే అయిదు, ఆరు, ఏడు కొట్టింది. అప్పుడు నాయనమ్మ లేచి, "నా మనవరాలికి లెక్కలొచ్చు. నడవండి మిట్ట మీదికి!" అని అరిచింది. అంతే, ఊరు ఊరంతా కదిలింది. అందరికంటే ముందు పరుగెత్తింది ఎవరనుకున్నావు? మునసబుగారే!

లంకలో అమ్మ కొడవలి పారేసి పడవ కేసి పరుగెత్తింది. ఆ తర్వాత తాటితోపు అడ్డమొచ్చి, పడవ మరి కనిపించలేదు.

నీళ్ళు వీధుల్లోకొచ్చాయి. బురుజు మొదటి మెట్టు మునిగింది. పాపం, చేతులు బొబ్బలెక్కినా పిల్ల కొడుతూనే ఉంది. ఆపితే అమ్మ ఇక రాదేమోనని భయం.

అప్పుడు మెట్ల మీద అడుగుల చప్పుడైంది. మిట్ట మీదికి పోకుండా, తడిసిన చీరతో, గోడ పట్టుకుని అమ్మ ఎక్కొస్తోంది. అటకెక్కలేని మనిషి! తొంభయ్యో మెట్టు మీద ఆగిపోయింది. కళ్ళు తిరుగుతున్నాయి.

వీరవేణి చెయ్యి చాపింది. "కిందికి చూడకమ్మా, నన్నే చూడు."

అమ్మ ఎక్కేసింది.

కథేమో కంచికి,
వరదేమో కడలికి,
అమ్మేమో బిడ్డ దగ్గరికి,
నువ్వేమో నిద్దరకి!