తాయారమ్మ గుమ్మడికాయ ఎవరు కొట్టారు

ఇటు తిరిగి పడుకో బుజ్జీ. కాళ్ళు ఆడించకు. ఊఁ కొట్టడం ఆపావంటే కథ అక్కడితో ఆపేస్తాను, తర్వాత ఏడిస్తే లాభం లేదు.

అనగనగా ఏటి ఒడ్డున ఒక ఊరుండేది. ఆ ఊళ్ళో గవరయ్య అని ఒక పెద్దమనిషి. ఎవరికి తగువొచ్చినా ఆయన దగ్గరికే వెళ్ళేవారు. ఆయన మాట అంటే మాటే. ఆయన భార్య పేరిందేవమ్మ. ఆవిడ ఇల్లు అద్దంలా ఉండేది. అయితే ఆవిడకి అనుమానం ఎక్కువ. కాకి అరిస్తే ఎందుకరిచిందంటుంది, అరవకపోతే ఎందుకు అరవలేదంటుంది.

పెళ్ళయిన కొత్తలో గవరయ్య అన్నం తింటూ పళ్ళెం అంచు మీద వేళ్ళతో దరువు వేశాడట. పేరిందేవమ్మ చెయ్యి పట్టుకుని ఆపేసింది. పాటలూ దరువులూ పనిలేనివాళ్ళకి, మనకి కాదంది. అప్పుడు ఆయన చెయ్యి దించేశాడు. ఆ తర్వాత ఆ ఇంట్లో దరువు వినపడలేదు.

ఇలా ఉండగా ఆ ఊరికి తాయారమ్మ అని ఒకావిడ వచ్చింది. మొగుడు పోయాడు, పిల్లల్లేరు. ఊరి చివర పాక వేసుకుంది. గుమ్మడి వడియాలు పెట్టి, ఇంటింటికీ ఇచ్చి, వాళ్ళిచ్చిన బియ్యంతో బతికేది. కష్టపడి బతికే మనిషి. కానీ కొత్త మనిషి కదా, పైగా ఒంటరిది. ఊరు ఆవిడ వడియాలు తింటూనే ఆవిడకేసి వంకరగా చూసేది.

ముందు ఒక చప్పుడు వినిపించింది.

అందరూ భోజనాలు చేసి కునుకు తీసే వేళ, తాయారమ్మ పెరట్లోంచి కుండ మీద దరువు. దానితో పాటు బొంగురు గొంతుతో కూనిరాగం. పేరిందేవమ్మ చెవి ఒగ్గి వింది. ఆ పాకలో ఉన్నది ఒక్క ఆడమనిషి. మరి ఆ బొంగురు గొంతు ఎవరిది? మర్నాడు నూతి దగ్గర ఆడవాళ్ళందరినీ అడిగింది. అందరూ విన్నామన్నారు. ఎవరిదో తెలియదన్నారు.

ఆ తర్వాత గుమ్మడికాయ సంగతి వచ్చింది.

నీకు తెలుసు కదా, బూడిద గుమ్మడికాయని ఆడవాళ్ళు కొట్టకూడదని మన వైపు ఒక పట్టింపు. మొదటి కత్తి మగవాడు పెట్టాలి. పసివాడైనా సరే, మగపిల్లాడి చెయ్యి తగిలించి అప్పుడు ఆడవాళ్ళు తరుక్కుంటారు. మరి తాయారమ్మ ఇంట మగదిక్కు లేదే. చాపల నిండా గుమ్మడి వడియాలు ఎలా ఎండుతున్నాయి? ఆ కాయ కొట్టిపెట్టింది ఎవరు? పేరిందేవమ్మ ఇల్లిల్లూ తిరిగి, వాళ్ళ వాళ్ళ మగవాళ్ళని అడిగించింది. మేం కాదంటే మేం కాదన్నారు.

తన మొగుణ్ణి అడగలేదా అంటావు. అడగలేదు. ఆ వేళ ఆయన తగువులు తీర్చడానికి పోతాడనే ఆవిడ లెక్క. గవరయ్యని అడగడమేమిటి, ఆయన పెద్దమనిషి కదా అనుకుంది. మనం అనుమానపడేటప్పుడు కూడా అంతే, మనింటి గుమ్మం వదిలేసి మిగతా ఊరంతా వెతుకుతాం.

అప్పుడు మూడోది, బొమ్మలు.

ఒకరోజు తాయారమ్మ ఏటికి వెళ్ళినప్పుడు పేరిందేవమ్మ కంచె మీంచి తొంగి చూసింది. తడిగుడ్డ మీద వడియాలు అందరూ పెట్టినట్టు గుండ్రంగా లేవు. ఒకటి పిట్టలా ఉంది. ఒకటి చుట్ట చుట్టుకున్న పాములా ఉంది. ఇంకొకటి మనిషి బొమ్మ, దానికి ఎండుమిరప తునకలతో కళ్ళు పెట్టారు. పసుపు రంగు ముద్ద, ఎర్రటి కళ్ళు. పేరిందేవమ్మకి వెన్ను జలదరించింది. చేతబడి అనుకుంది.

సరిగ్గా అదే వారం తాయారమ్మ పక్కింటి వీరాసామి గేదె పాలు ఇవ్వడం మానేసింది. ఇంకేముంది. చప్పుడూ, గుమ్మడికాయా, బొమ్మలూ, గేదే, నాలుగూ కలిపి ఊరు ఒక్క ముడి వేసేసింది. తాయారమ్మని ఊళ్ళోంచి పంపించెయ్యాలన్నారు. తీర్పు ఎవరు చెప్పాలి? గవరయ్యే చెప్పాలి.

పొద్దున్నే ఊరంతా తాయారమ్మ గుమ్మం ముందు చేరింది. ఆవిడ అప్పుడే పిండి రుబ్బి లేచింది. చేతులు కడుక్కుని వచ్చి నిలబడింది. గవరయ్య అరుగు మీద కూర్చున్నాడు. పేరిందేవమ్మే అడిగింది, గుమ్మడికాయ ఎవరు కొట్టారో చెప్పమని.

తాయారమ్మ గవరయ్య కేసి ఒకసారి చూసి, తల దించుకుంది.

"కొట్టినవారికి తెలుసు. వారే చెప్పాలి. నేను చెబితే నా మాట ఎవరు నమ్ముతారు?" అంది.

మొదటిసారి అడిగినప్పుడు గవరయ్య దగ్గాడు. దగ్గి ఊరుకున్నాడు.

జనం ఆవిడ చాపలు తెచ్చి వీధిలో పడేశారు. రెండోసారి అడిగారు. గవరయ్య కండువా సర్దుకుని, తొందరెందుకు, రేపు చూద్దాం అన్నాడు. రేపటిదాకా ఎందుకన్నారు జనం. బియ్యం డబ్బా బయటికొచ్చింది, గుమ్మడికాయలు బయటికొచ్చాయి, రుబ్బిన పిండి పళ్ళెంతో సహా బయటికొచ్చింది.

మూడోసారి అడిగారు. తాయారమ్మ పొయ్యి ఆర్పి రావడానికి లోపలికి వెళ్ళింది. ఊరు వదిలి పోయేవాళ్ళు పొయ్యి ఆర్పి పోతారు. నీళ్ళు పోసిన చప్పుడు గవరయ్యకి వినిపించింది.

అప్పుడు ఆయన లేచాడు.

"కాయ కొట్టింది నేను. దరువూ, ఆ కూనిరాగమూ నావే. ఆ బొమ్మలూ నేను పెట్టినవే," అన్నాడు.

ఆయనే చెప్పుకుపోయాడు. ఒకరోజు ఇటుగా పోతుంటే తాయారమ్మ కాయ పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉందట, ఎవరైనా మగవాడు వస్తాడేమోనని. కొట్టిపెట్టాడట. ఆవిడ ముక్కలు తరుగుతుంటే పక్కన బోర్లించిన కుండ మీద చెయ్యి వేశాడట. ఎవరూ వద్దనలేదట. ఆ తర్వాత రోజూ వచ్చాడు. పొద్దుపోక పిండితో పిట్టలు చేశాడు.

జనం నమ్మారనుకున్నావా? నమ్మలేదు. అనుమానం ఒకసారి కూర్చుంటే అంత తేలిగ్గా లేవదు.

"అయ్యో, ఈయనకి మందు పెట్టింది. తనది కాని తప్పు నెత్తిన వేసుకుంటున్నాడు," అంది పేరిందేవమ్మ.

అవునవును అన్నారందరూ.

అప్పుడు గవరయ్య ఇంకేం మాట్లాడకుండా వీధిలోనే గొంతుక్కూర్చున్నాడు. పళ్ళెంలోంచి చారెడు పిండి తీసుకున్నాడు. రెండు వేళ్ళతో ముక్కు లాగాడు, బొటనవేలితో రెక్క నొక్కాడు, చివర్న తోక తిప్పాడు. చూస్తుండగానే పిట్ట అయింది.

జనంలోంచి ఆయన అక్క అప్పాయమ్మ కర్ర ఊనుకుంటూ వచ్చింది. వంగి పిట్టని చూసింది.

"ఒరే గవరా, నీకు ఇంతవరకూ తోక తిన్నగా పెట్టడం రాలేదురా," అంది. జనం వైపు తిరిగి, "చిన్నప్పుడు ఏటి బురదతో ఇవే చేసేవాడు. మా అమ్మ చేత తన్నులూ తినేవాడు. దీనికి మందెందుకే పేరిందేవీ? పుట్టుకతో వచ్చింది," అంది.

ఎవరో నవ్వారు. ఆ తర్వాత ఇంకెవరో నవ్వారు. అప్పుడు వీరాసామి మెల్లిగా, తన గేదె చూడిది, వట్టిపోయే రోజులేనని గొణిగాడు. ఆ ముక్క ముందే ఎందుకు చెప్పలేదంటే, ఎవరూ అడగలేదన్నాడు.

జనం సిగ్గుపడి చాపలు ఎత్తి లోపల పెట్టబోయారు. తాయారమ్మ వద్దంది. తానే ఎత్తుకుంటానంది. గవరయ్య చేతులు జోడించి, తప్పయిపోయిందన్నాడు.

"పాడుకోవడం తప్పు కాదు బాబుగారూ. బొమ్మలు చేసుకోవడమూ తప్పు కాదు," అంది తాయారమ్మ. "మీ ముచ్చట మీరు దాచుకున్నారు, దానికి నా సామాను వీధిలో పడింది. నేను పొయ్యి ఆర్పుకునే దాకా మీకు నోరు రాలేదు. ఇక నా పెరట్లోకి రావద్దు. పాట మీ ఇంట్లో పాడుకోండి."

అని, దుమ్ములో దొర్లుతున్న గుమ్మడికాయ ఒకటి తీసుకుంది. కత్తి తీసుకుంది. అందరూ చూస్తుండగా తన చేత్తో తానే కొట్టింది. కాయ రెండు చెక్కలైంది. ఏమీ కాలేదు. కొందరు ఆకాశం కేసి చూశారు. కొందరు మర్నాటి దాకా కనిపెట్టుకుని ఉన్నారట. అప్పుడూ ఏమీ కాలేదు. తాయారమ్మ పొయ్యి మళ్ళీ ముట్టించుకుని ఆ ఊళ్ళోనే ఉండిపోయింది.

మరి గవరయ్య ఇంటికెళ్ళాడు. పేరిందేవమ్మ కాళ్ళకి నీళ్ళిచ్చింది. ఇచ్చి, ఇన్నేళ్ళూ నాతో ఎందుకు చెప్పలేదంది.

"చెబితే ఒప్పుకునేదానివా?" అన్నాడాయన.

ఆవిడ ఆలోచించింది. అనుమానపు మనిషే కానీ, అబద్ధం ఆడే మనిషి కాదు. "ఒప్పుకునేదాన్ని కాదు," అంది.

ఆ తర్వాత లోపలికెళ్ళి ఒక ఖాళీ కుండ తెచ్చింది. ఆయన ముందు బోర్లించింది. తాను గోడవైపు తిరిగి కూర్చుని బియ్యంలో రాళ్ళు ఏరసాగింది. ఆయన భయంభయంగా ఒక దెబ్బ వేశాడు. ఆగి ఆవిడ వీపు కేసి చూశాడు. ఆవిడ తిరగలేదు. ఇంకొక దెబ్బ వేశాడు. పేరిందేవమ్మ చేట కదపడం ఆపేసి వింది. ఇంత చిన్న చప్పుడుకా నేను ఒక మనిషిని ఊరు దాటించబోయాను అనుకుంది. ఆ మాట పైకి అనలేదు. అని ఉంటే బాగుండేది. తాయారమ్మ గుమ్మం ముందుకెళ్ళి అని ఉంటే ఇంకా బాగుండేది.

నీకు పాడాలనుంటే నలుగురిలో పాడు తల్లీ. దాచుకుంటే ఆ బరువు ఇంకొకరి నెత్తిన పడుతుంది. ఊఁ కొట్టడం లేదే, నిద్రొచ్చిందా?

కథేమో కంచి దారి పట్టింది,
మన కాలు మనింటి గడప ముట్టింది,
కునుకొచ్చి బుజ్జి కంటి తలుపు తట్టింది.