లంకకు ఆలస్యంగా అందిన కబురు

కాకినాడలో వెబ్‌సైట్లు తయారుచేసే లోవరాజు అనే కుర్రవాడు ఉండేవాడు. పనిమంతుడే గానీ, రాసింది ఒక్కసారి పనిచేస్తే చాలు, మళ్లీ దాని మొహం చూసేవాడు కాదు.

ఒక ఏడాది, గోదావరి నడుమ లంకల్లో ఉండేవాళ్లకు వరద కబురు ఫోన్‌లో పంపే వెబ్‌సైట్ పని అతనికి అప్పగించారు. లంక దగ్గర నీటిమట్టం ప్రమాద గుర్తును దాటినా, ఎగువన ఆనకట్ట గేట్లు ఎత్తినా, రెండింట్లో ఏది జరిగినా ఫోన్ మోగాలి. నీటిమట్టాన్ని ప్రమాద గుర్తుతో పోల్చే షరతు లోవరాజు సరిగ్గానే రాశాడు. రెండు షరతులనూ కలిపేచోట మాత్రం 'లేదా' అనే గుర్తు పెట్టాల్సింది పోయి 'మరియు' అనే గుర్తు పెట్టాడు. ఇక రెండూ జరిగితే తప్ప కబురు కదలదు. రెండూ జరిగినట్టు అంకెలిచ్చి చూశాడు. ఫోన్ మోగింది. మురిసిపోయాడు.

పక్క కుర్చీలో పనిచేసే హైమ, "ఒకటి జరిగి రెండోది జరగకపోతే ఏమవుతుందో కూడా చూడండి లోవరాజు గారూ," అంది.

"మోగింది కదండీ, ఇంకా ఏం చూస్తాం," అన్నాడు లోవరాజు.

ఆ లంకల్లో ఒకదానిలో సూరన్న అనే ఆయన గేదెలు మేపుకునేవాడు. పూర్వం వరద రోజుల్లో రేవులో గెడ పాతి, నీరు ఎంత ఎక్కిందో మాటిమాటికీ వెళ్లి చూసుకునేవాడు. ఫోన్‌కు కబురు వస్తుందన్నాక ఆ అలవాటు మానేశాడు. నమ్మాడు, పాపం.

శ్రావణంలో ఒక సాయంత్రం ఎగువన గేట్లు ఎత్తారు. లంక దగ్గర నీరు ఇంకా ప్రమాద గుర్తుకు రాలేదు కాబట్టి ఫోన్ మోగలేదు. గేదెలు పల్లంలోనే కట్టి ఉన్నాయి. తెల్లారేసరికి పల్లమంతా నీళ్లు. సూరన్న పలుపులు విప్పడానికి పరుగెత్తాడు. గేదెలు ఈదుకుంటూ గట్టెక్కాయి. సూరన్న ఎక్కలేదు.

సంగతి తెలిసి లోవరాజు లంకకు వెళ్లాడు. తప్పు తనదేనని సూరన్న భార్య సత్యవేణి ముందు తల వంచుకుని చెప్పాడు. ఆమె తిట్టినా బాగుండేది. తిట్టలేదు.

"ఫోను మోగిందండి బాబూ," అంది. "ఆయన నీళ్లలోకి దిగిపోయాక మోగింది. నేనే ఎత్తాను."

లోవరాజు కాకినాడకు తిరిగొచ్చి ఆ 'మరియు' గుర్తును 'లేదా'గా మార్చాడు. రెప్పపాటు పని. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమే అయింది. ఆ తర్వాత అతను ఏ పనినీ పరీక్షించకుండా వదల్లేదు గానీ, సత్యవేణి అన్న ఆ మాట అతని చెవుల్లోంచి పోలేదు.

మన పనిని నమ్మి నిశ్చింతగా నిద్రపోయేవాళ్లు ఉంటారు. అది ఒకసారి సరిగ్గా నడిచిందని మురిసిపోకుండా, ఎక్కడ తప్పుతుందో ముందే వెతకాలి.