మరిచిన రేకు

కొండల నడుమ ఒకానొక చిన్న రాజ్యం. దాన్నేలే భల్లణ భూపతి కొత్తగా క్షేత్రగణితం నేర్చుకున్నాడు. అంతే, కోటలోని వాళ్ల ప్రాణం మీదికి వచ్చింది.

"భుజాలన్నీ సమానమైన త్రిభుజం మూడు విధాల సరిగ్గా మడతపడుతుంది. చతురస్రం నాలుగు విధాల! భుజాలూ కోణాలూ సమానమైన పంచభుజి ఐదు విధాల! ఒక్క గీత మీదైనా రెండు సగాలు కలవని బొమ్మ నా కోటలో ఉండకూడదు. దాన్ని వేసినవాళ్లూ ఉండకూడదు!" అని చాటింపు వేయించాడు.

కోటవాకిట ముగ్గు వేసేది పేరమ్మ. కాపురానికి వచ్చిన నాటి నుంచీ అదే పని, అదే కూడు. ఈమధ్య ఆమెకు మతిమరుపు ముంచుకొస్తోంది. పిండి గుప్పిట్లోనే పెట్టుకుని పిండి కోసం వెతుక్కుంటోంది. ఆ ఉదయం ఎనిమిది దిక్కులకూ ఎనిమిది రేకుల తామర వేస్తూ, ఈశాన్యం రేకు మరిచిపోయింది.

రాజు దారం పట్టించాడు. తూర్పు నుంచి పడమరకు లాగితే ఆ రెండు రేకులూ నడిమికి చీలాయి; మిగిలినవి ఇటు మూడు, అటు రెండు. ఉత్తరం నుంచి దక్షిణానికి లాగినా అదే తంతు.

"చూశావా ముసలీ! సాయంత్రంలోగా కోట విడిచిపో."

పేరమ్మ నాలుగు దిక్కులా చూసింది. "ఎక్కడికి పోను ప్రభూ? వేరే దారేదీ నాకు గుర్తుండదే!"

విదూషకుడు బొల్లన ముందుకొచ్చాడు. "ఆ దారం ఒక్కసారి ఇటు ఇప్పించండి ప్రభూ. అవ్వా, ఈ కొస నువ్వు పట్టుకో."

ఆమెను ఈశాన్యాన, ఆ ఖాళీ చోటనే నిలబెట్టి, దారాన్ని నైరుతికి లాగాడు. నైరుతి రేకు నడిమికి చీలింది. మిగిలినవి ఇటు మూడు, అటు మూడు.

రాజు మీసం మెలేశాడు. "ఒక్క విధమేగా! నిండు తామరైతే ఎనిమిది విధాల మడతపడేది."

"చిత్తం. మరి ప్రభువుల ముఖం ఎన్ని విధాల?"

రాజు నుదుటి నుంచి గడ్డం దాకా వేలితో గీసుకున్నాడు. చెవి నుంచి చెవికి గీయబోయి ఆగాడు. "పైన కళ్లు, కింద మీసాలు... కలవవే!"

"మరదే! ఈ ముగ్గు తమరికి సాటి. సాగనంపితే అవ్వనూ తమరినీ ఇద్దరినీ సాగనంపాలి."

రాజు పకపకా నవ్వి, తన పట్టుశాలువా తీసి బొల్లనకు కప్పాడు. "అవ్వా, ఈ వాకిలి నీదే. ఎన్ని రేకులు మరిచినా నిన్నెవరూ కదపరు."

పేరమ్మ చేతులు జోడించింది. "ఈ మాట రేపటికి నాకు గుర్తుంటుందో లేదో ప్రభూ. తమరు మాత్రం మరవకండి!"