అల్లం టీలో సెన్సరు

శశిరేఖకు ఆ రోజు కాలు నేలమీద నిలవడం లేదు. జిలానీ మాస్టారు పక్కన లేకుండా, మొదటిసారి ఒక మిషను రోగాన్ని తానొక్కతే కనిపెట్టింది మరి.

మాస్టారికి విశాఖపట్నంలో, మర్రిపాలెం దగ్గర రిపేరు షాపుంది. ఫ్రిజ్జులు, వాషింగ్ మిషన్లు, బట్టలారబెట్టే డ్రయ్యర్లు అన్నీ ఆయన చేతికే వస్తాయి. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. శశిరేఖ ఆయన దగ్గర చేరి రెండేళ్లు దాటింది. చెయ్యి చురుకు, మాట అంతకన్నా చురుకు. ఇంక నాకు రానిదేముందిలే అన్న ఊహ ఈమధ్యే మనసులో తల ఎత్తుతోంది.

ముసురు పట్టి ఊరంతా నానిపోతున్న రోజులవి. వరహాలమ్మ అనే ఆవిడ దగ్గర్నుంచి ఫోనొచ్చింది. ఆవిడ కోడలికి కవలలు పుట్టారు. నెలలు నిండకుండానే పుట్టిన పిల్లలు. చెమ్మ గుడ్డ తగిలితే చాలు, ఒళ్లంతా దద్దుర్లు. తాడుమీద బట్టలు ఆరడం లేదు, డ్రయ్యరేమో మధ్యలో ఆగిపోతోంది. మాస్టారు వేరేచోట పనిలో ఉండి శశిరేఖను పంపారు.

ఆన్ చేస్తే డ్రమ్ము తిరిగింది, లోపల వేడెక్కింది, కాసేపటికి ఎర్ర లైటు మిణుకుమిణుకుమంటూ మిషను ఆగిపోయింది. వేడి ఎంతుందో చెప్పే సెన్సరు నుంచి కబురు అందడం లేదని ఆ లైటుకు అర్థం. శశిరేఖ ప్లగ్గు పీకి, మిషను చల్లారేదాకా ఆగి, వెనక రేకు విప్పింది. సెన్సరంటే శనగగింజంత మొన, దానికి రెండు వైర్లు. మీటరు పెట్టి చూసింది. ముల్లు ఎక్కడ నిలవాలో సరిగ్గా అక్కడే నిలిచింది. మిషనును నడిపే బోర్డు దాకా వెళ్లే తీగలూ బాగానే ఉన్నాయి. అవన్నీ బాగుంటే ఇంక మిగిలింది బోర్డే.

బోర్డు పోయిందని వరహాలమ్మకు తేల్చి చెప్పేసింది. కొత్తది పైఊరి నుంచి రావాలనీ, ఎన్నాళ్లు పడుతుందో చెప్పలేననీ అంది. వరహాలమ్మ తడిగుడ్డల బుట్ట ఒళ్లో పెట్టుకుని అలాగే కూలబడింది.

"అన్నాళ్లూ ఈ పసిగుడ్లని ఏటి చేసుకోనమ్మా?"

ఆ మాట శశిరేఖకు చురుక్కుమంది. అయినా సంబరం సంబరమే. బోర్డు తెప్పించమని మాస్టారికి ఫోన్ చేసింది. ఆయన సరేనలేదు, వస్తున్నానన్నారు.

వానలో తడుస్తూనే వచ్చారు. గుమ్మంలోనే శశిరేఖ అంతా గుక్కతిప్పుకోకుండా చెప్పింది. లైటు ఎలా వెలిగిందో, తాను దేని తరవాత ఏది చూసిందో, బోర్డు దాకా ఎలా వచ్చిందో. మాస్టారు చివరిదాకా విన్నారు. సెన్సరు ఊడదీసి, వేడి నీళ్లు కావాలన్నట్టు వంటింటి వైపు చూసి చేత్తో గ్లాసు సైగ చేశారు.

పాపం, వరహాలమ్మ టీ అడిగారనుకుంది. పొగలు కక్కే అల్లం టీ తెచ్చి పెట్టింది. మాస్టారు గ్లాసు వైపు చూసి నవ్వారు.

"ఇదీ పనికొస్తుందిలెండి."

వైర్లకు మీటరు తగిలించి, మీటరును శశిరేఖ చేతికిచ్చి, సెన్సరు మొనను టీలో ముంచారు. వరహాలమ్మ నోరు తెరుచుకుని చూస్తోంది.

ముల్లు కదిలింది. వేడి ఎక్కుతున్న కొద్దీ మెల్లగా కుడివైపు జరిగింది. బాగానే ఉంది కదా అనబోయింది శశిరేఖ. అంతలో ముల్లు ఒక్కసారిగా ఎడమవైపు కుప్పకూలింది. తీగ తెగిపోయినట్టే, సెన్సరు నుంచి కబురే లేదు. మాస్టారు సెన్సరును బయటికి తీసి ఊదారు. చల్లారాక ముల్లు మళ్లీ లేచి, ఏమీ ఎరగనట్టు పాతచోటికే వచ్చి నిలిచింది.

శశిరేఖ ఈసారి తనే గ్లాసు దగ్గరికి లాక్కుని ముంచింది. మళ్లీ అంతే. ఇంకోసారి ముంచింది. మళ్లీ అంతే. సిగ్గుపడాలన్న సంగతే మరిచిపోయింది. ఇంత చిన్న గింజ ఇంత మాయ చేస్తుందా అని కళ్లు మెరుస్తున్నాయి.

"నేను చూసినప్పుడు సరిగ్గానే చెప్పింది, మాస్టారూ."

"చల్లగా ఉన్నంతసేపు ఎవరైనా సరిగ్గానే చెబుతారమ్మా."

శశిరేఖ మీటరు పక్కన పెట్టింది.

మాస్టారి సంచిలో కొత్త సెన్సరొకటి ఉంది. శశిరేఖ ముందుగా దాన్ని కూడా మీటరుకు తగిలించి టీలో ముంచి చూసింది. ముల్లు కుడివైపు వెళ్లి అక్కడే నిలిచింది. అప్పుడు దాన్ని బిగించి, రేకు మూసి, పిల్లల గుడ్డలు లోపల వేసి ఆన్ చేసింది. డ్రమ్ము తిరిగింది.

"బాగైపోయినట్టేనా అమ్మా?" అని అడిగింది వరహాలమ్మ.

ఔనన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. శశిరేఖ ఆపుకుంది.

"ఇంకా వేడెక్కలేదండీ. ఎక్కనివ్వండి."

ముగ్గురూ మిషను ముందే నిలబడ్డారు. లోపలి గదిలో ఒక పిల్ల ఏడుపందుకుంటే, రెండోది శ్రుతి కలిపింది. డ్రయ్యరు తలుపు గోరువెచ్చనైంది, తరవాత వేడెక్కింది. ఇందాక ఆగిన ఘడియ దగ్గరికొచ్చేసరికి శశిరేఖ లైటు వైపే చూసింది. ఆ ఘడియ దాటిపోయింది. లైటు వెలగలేదు. డ్రమ్ము తిరుగుతూనే ఉంది, తిరిగి తిరిగి గుడ్డలారాక తనంతట తానే ఆగింది.

వరహాలమ్మ తలుపు తీసి వేడివేడి గుడ్డలను రెండు చేతులా తీసుకుని చెంపకు ఆనించుకుంది.

శశిరేఖ మాస్టారి వైపు తిరిగింది.

"ఇప్పుడు చెప్పు ఆవిడకి," అన్నారాయన.