సుంకరిబస్తీ మెట్రోలో మైసమ్మ వెలసిన వైనం

ఇది చిన్న కథ. రైలు వచ్చేలోగా చదవడం అయిపోతుంది. సుంకరిబస్తీ స్టేషన్ నేలకు బాగా లోతున ఉంది. పైకి రావడానికి నాలుగు ద్వారాలున్నాయి. ఏది ఎటు తేలుతుందో బస్తీవాసులకే తెలియదు. కల్లు కాంపౌండుకు బయలుదేరిన మల్లేశం తరచూ ఆడపిల్లల హాస్టల్ ముందు తేలుతుంటాడు. పొరపాటేనని ఆయన భార్య నమ్ముతోంది. ఆ సంగతి అలా ఉంచుదాం. టికెట్ గేటు దాటగానే గూటిలో దర్శనమిచ్చేది మైసమ్మ తల్లి.

పూర్వం ఇక్కడ, అంటే తవ్వకానికి ముందు, అమ్మవారు రోడ్డు పక్కన మోకాలెత్తు రాయిగా ఉండేది. సేవ చేసేది యాదమ్మ. అత్తగారి నుంచి సంక్రమించిన ఆ సేవ మీద తోడికోడలు సాయమ్మకు కన్ను. కొలతలకు వచ్చిన మెట్రోవాళ్లు ఆ పక్కనే, అంతే ఎత్తున, తమ గుర్తురాయి నాటి, పసుపు రంగు వేసి, ఎర్ర చుక్క పెట్టి పోయారు. శుక్రవారం వచ్చిన ఆడవాళ్లు రెండు రాళ్లను చూసి, అమ్మవారి అక్కచెల్లెళ్లలో ఎవరో వచ్చారనుకున్నారు. ఒకరిని వదిలేస్తే కోపం వస్తుందని ఇద్దరికీ పసుపు పూశారు. ఏడాది తిరిగేసరికి పూత మందమెక్కి రెండూ ఒకే రూపు అయ్యాయి.

తవ్వకం నాడు కూలీలు రెండింటినీ పెకలించి రేకుల షెడ్డులో పెట్టారు.

"అమ్మా, మీ రాయి మీరు తీసుకోండి. మిగిలింది మాది. మా ఆఫీసు రూలు ప్రకారం దాన్ని అడుగున కాంక్రీటులో వేస్తే గాని మేం పని మొదలుపెట్టం," అన్నాడు ఇంజినీరు భానుమూర్తి.

యాదమ్మ రాళ్ల చుట్టూ తిరిగింది.

"ఏందక్కా, మొగన్ని గుర్తుపట్టనట్టు చూస్తున్నవ్?" అంది సాయమ్మ. "కడుగుదమా? ఏదేందో తెలుస్తది."

"ఇన్నేండ్లు కొలిచిన తల్లిని కడిగి పోల్చుకోవాల్నా? రేపు పొద్దుగాల చెప్త," అంది యాదమ్మ.

పోల్చలేకపోతే సేవ సాయమ్మకు ఇవ్వాలని బస్తీ పెద్దలు అప్పటికే అనుకున్నారు.

ఆ రాత్రి అమ్మవారు కలలో కనబడింది. ఏ రాయిలో ఉన్నావో చెప్పమని యాదమ్మ వేడుకుంది. "నన్నడిగితే ఎట్లనే? నాకు సుత పసుపే కనబడుతుంది," అని తల్లి అంతర్ధానమైంది. తెల్లవారాక యాదమ్మ, ఏమీ తడబడనట్టు, కుడివైపు రాయిని ఎత్తుకుంది. రెండోదాన్ని భానుమూర్తి కాంక్రీటులో వేయించాడు.

స్టేషన్ పూర్తయింది. ప్రతిష్ఠకు బస్తీ అంతా కిందికి దిగింది. సాయమ్మ బిందెడు నీళ్లు తెచ్చి, ఎవరూ ఆపేలోగా రాయి మీద కుమ్మరించింది. పసుపు కారిపోయి, మెట్రోవాళ్లు తమ గుర్తురాయి మీద వేసిన నల్లని ఆఫీసు నంబరు బయటపడింది. భానుమూర్తి దాన్ని చదివి కాసేపు పట్టాల వైపు చూశాడు. యాదమ్మ కొంగుతో ముఖం కప్పుకుంది.

పెద్దలు అక్కడే కూర్చుని విచారించారు. నలుగురిలో తల్లి పరువు తీసిన తప్పు సాయమ్మదని తేల్చారు. సేవ యాదమ్మకే ఉంచారు.

నాటి నుంచి ఈ తల్లికి నీటి అభిషేకం లేదు. పూత మీద పూతే. రెండు సంబంధాల మధ్య ఎటూ తేల్చుకోలేనివారు ఇక్కడ పసుపు పూసి మొక్కితే, ఏదో ఒకటి కుదురుతుందని ప్రతీతి. పసుపు కలిపి ఇచ్చేది సాయమ్మ. అసలు మైసమ్మ పట్టాల కింద ఉంది. రైళ్లు సమయానికే వస్తున్నాయి.